ఫ్లాక్ గొడవ కాసేపు ఆపి, ఆ క్యాసెట్ల సంగతి చూద్దాం రండి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఆడియోఫైల్ మిత్రులకు బహిరంగ లేఖ

మిత్రులారా,

మీలో చాలామంది నాకు తెలిసినవాళ్ళే. టేప్ డెక్కుకి బెల్టు మార్పించుకోవడానికి వచ్చినవాళ్ళు, తాతగారి నాటి గ్రామఫోన్ రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించమని గుడ్డసంచీలో పెట్టి తెచ్చినవాళ్ళు, కొత్త డాక్ (ఫైల్లోని అంకెల్ని శబ్దంగా మార్చే పెట్టె) కొన్నప్పుడు "ఓసారి వచ్చి వినండి మాస్టారూ" అని ఇంటికి పిలిచినవాళ్ళు. మీ శ్రద్ధంటే నాకు గౌరవం. పాట పెట్టుకుని ఇంకో పని చేసుకోకుండా, కుదురుగా కూర్చుని పాటే వినేవాళ్ళు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? మీరున్నారు. అందుకే మీకు రాస్తున్నాను.

పాటని ఎంపీత్రీలో వినాలా, ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్‌లో వినాలా, రికార్డు మీద వినాలా అని ఈమధ్య మనవాళ్ళలో మాటలు తూలుతున్నాయి. ఎంపీత్రీ వినేవాడికి చెవులే లేవని ఒక వర్గం. 192 కిలోహెర్ట్జ్ ఫైళ్ళు (సెకనుకి 1,92,000 సార్లు శబ్దాన్ని కొలిచిన హై రిజల్యూషన్ ఫైళ్ళు, మనవాళ్ళ మాటల్లో హై రెస్) డబ్బిచ్చి కొనేవాణ్ణి ఎవరో టోపీ పెట్టి పంపించారని ఇంకో వర్గం. నల్ల రికార్డు, అంటే ఎల్పీ, తప్ప మిగతాదంతా ప్రాణంలేని చప్పుడని మూడో వర్గం. ఏళ్ళ తరబడి కలిసి పాటలు విన్న స్నేహితులిద్దరు ఈ విషయం మీద మాటా మాటా అనుకుని, పలకరింపులు మానేశారు. ఆ గొడవలో నిజమెంతో నాకు తెలిసినంతమేరకు ముందు చెబుతాను. ఆ గొడవకి ఖర్చవుతున్న చెవులూ డబ్బూ మన జిల్లాల్లో ఎక్కడ అవసరమో ఆ తర్వాత చెబుతాను. నేను రాయాలనుకున్నది నిజానికి ఆ రెండోదే.

సీడీ లెక్కలు ఫిలిప్స్, సోనీ కంపెనీలు 1980లో ఖాయం చేశాయి. 1982లో సీడీ బజారుకొచ్చింది. సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతనీ 16 బిట్లలో రాస్తారు. "అది మెట్లు మెట్లుగా ఉంటుంది, రికార్డు గాడి నున్నగా ఉంటుంది" అని మన పెద్దలు కొందరు ఇప్పటికీ అంటారు. పొరపాటు. ఒక శబ్దంలో ఉన్న అన్నిటికన్నా ఎత్తైన ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కంటే ఎక్కువ సార్లు కొలిస్తే, ఆ కొలతల్లోంచి అసలు తరంగాన్ని ఉన్నదున్నట్టు తిరిగి గీయొచ్చు. నైక్విస్ట్, షానన్ల పేర్లతో మనం వినే సిద్ధాంతం ఇదే. డాక్‌లోంచి బయటికొచ్చేది మెట్లు కాదు, నున్నటి తరంగమే. 44,100లో సగం 22,050. మనిషి చెవి చిన్నతనంలో మహా అయితే 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ పై అంచు కిందికి దిగుతుంది. యాభై దాటిన మనలాంటి వాళ్ళం ఆ చివరి వేల హెర్ట్జ్ కోసం తగువుపడటంలో అర్థం లేదు. ఇక 16 బిట్లంటే, చిట్టచివరి సన్నని చప్పుడుకీ చెవులు గింగురుమనే చప్పుడుకీ మధ్య దాదాపు 96 డెసిబెల్స్ చోటు. సీలింగ్ ఫ్యాను తిరిగే గదిలో, కిటికీ అవతల ఆటోలు పోతుంటే, ఆ చోటులో అడుగుభాగం మన చెవికి ఎటూ అందదు.

"లెక్కలు కాదు, విని చెప్పండి" అంటారు మీరు. విని చూసినవాళ్ళు ఉన్నారు. అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు 2007లో ప్రచురించిన ప్రయోగంలో, హై రిజల్యూషన్ డిస్కుల శబ్దాన్ని ఒకసారి నేరుగానూ, ఒకసారి మధ్యలో సీడీ స్థాయికి దించీ వినిపించారు. 554 సార్లు అడిగితే 276 సార్లు సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసి చెప్పినా అంతే వస్తుంది. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రీస్ అప్పటిదాకా జరిగిన 18 ప్రయోగాలు, పన్నెండున్నర వేల పైచిలుకు సమాధానాలు కలిపి లెక్కగట్టారు. సరైన సమాధానాలు 52.3 శాతం. ముందుగా శిక్షణ ఇచ్చిన శ్రోతల్లో అది 60 దగ్గరికి వెళ్ళింది. అంటే హై రెస్ వర్గం చెప్పేది పూర్తిగా గాలిమాట కాదు. తేడా ఉండొచ్చు. కానీ ఉన్నది ఎంత చిన్నదంటే, తెలిసినవాడు చెవి రిక్కించి వింటే కూడా పదిసార్లలో నాలుగుసార్లు తప్పుతాడు. ఇంత సన్నటి గీత మీద స్నేహాలు తెంచుకోవాలా?

మీ ఇంట్లో మీరే పరీక్ష పెట్టుకోండి. మంచిదే. కానీ సరిగ్గా పెట్టుకోండి. రెండు ఫైళ్ళలో ఒకటి రవ్వంత గట్టిగా వినిపిస్తే, మన మనసు దాన్నే "బాగుంది, నిండుగా ఉంది" అంటుంది. గట్టిగా ఉందని అనిపించదు, బాగుందనే అనిపిస్తుంది. అందుకే రెండిటి స్థాయీ డెసిబెల్‌లో పదో వంతు తేడా కూడా లేకుండా సరిచేయాలి. ఏది మోగుతోందో వినేవాడికీ తెలియకూడదు, మీట నొక్కేవాడికీ తెలియకూడదు. ఫూబార్ లాంటి ప్లేయర్లలో ఏబీఎక్స్ పరీక్ష దొరుకుతుంది, ఆ పని అదే చూసుకుంటుంది. పదహారుసార్లు వింటే పన్నెండు సరిగ్గా చెప్పగలగాలి. అంతకు తగ్గితే అది చెవి కాదు, అదృష్టం. మీ డాక్ ధరా, కేబుల్ ధరా తెలిశాక కళ్ళు తెరిచి విని "ఏటి బావూ, తేడా తెలస్తంది కాదేటి?" అని పక్కవాణ్ణి అడిగితే, పాపం అతను మొహమాటానికైనా తల ఊపుతాడు.

రికార్డు వర్గం వారికి ఒకమాట. మీకు ఎల్పీ తియ్యగా వినిపిస్తే అది నిజంగానే తియ్యగా ఉంది. కాకపోతే చాలాసార్లు కారణం ఎల్పీ కాదు, ఆ ప్రతిని తయారుచేసిన తీరు. అదే పాటని తర్వాతి కాలంలో సీడీకీ, ఫోనుకీ ఇచ్చేటప్పుడు గట్టిదనం కోసం నొక్కేశారు. చిన్న శబ్దాలని లేపి, పెద్ద శబ్దాల తలలు కోసేశారు. అలా తల తెగిన పాటని ఫ్లాక్‌లో పెట్టినా, 192లో పెట్టినా తల మొలవదు. ఒకే పాట పాత ప్రతినీ కొత్త ప్రతినీ ఆడాసిటీలో పక్కపక్కన తెరిచి చూడండి. ఒకటి ఎత్తుపల్లాలతో కనబడుతుంది, ఇంకొకటి గోడ కట్టినట్టు కనబడుతుంది. మనం ఫార్మాట్ల మీద పోట్లాడుతూ ఉంటాం గానీ, మన చెవికి తగిలే తేడాల్లో సింహభాగం ఇక్కడిదే.

మిగతా భాగం గదిది. పన్నెండడుగుల సిమెంటు గదిలో 47 హెర్ట్జ్ దగ్గర ఒక మోత పుడుతుంది. గోడకీ గోడకీ మధ్య దూరం ఆ తరంగంలో సరిగ్గా సగం. ఆ ఒక్క స్వరం ఒకచోట మోగిపోతుంది, ఇంకోచోట మాయమవుతుంది. స్పీకరు గోడ మూలనుంచి రెండడుగులు ముందుకి జరిపితే వచ్చే తేడా ఏ కేబులూ ఇవ్వదు. పైసా ఖర్చు లేని పని అది.

ఇప్పుడు ఎంపీత్రీ దగ్గరికి వద్దాం. అక్కడ ఎంపీత్రీని తిట్టేవాళ్ళ మాటలో నిజం ఉంది, ఆ నిజానికి మన ఊరితో చుట్టరికమూ ఉంది.

జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థవాళ్ళు ముందుండి తయారుచేసిన ఈ పద్ధతి మన చెవి బలహీనత మీద ఆధారపడింది. పెద్ద చప్పుడు మోగుతున్నప్పుడు దాని పక్క ఫ్రీక్వెన్సీలో ఉన్న చిన్న చప్పుడు మనకి వినబడదు. వినబడనిది దాచడమెందుకని దాన్ని పారేస్తారు. సీడీలో సెకనుకి 1,411 కిలోబిట్లు ఉంటే, 128 కిలోబిట్ల ఎంపీత్రీలో అందులో పదకొండో వంతే మిగులుతుంది. 320 దగ్గర మంచి ఎన్‌కోడరుతో చేస్తే, చాలా పాటల్లో చాలామంది పోల్చుకోలేరు. ఈ మాట ఒప్పుకోవడానికి ఇబ్బందిపడకండి. పారేసే లెక్క తప్పేది ఒకచోట: ఠక్కున పడి, ఠక్కున ఆగే శబ్దాల దగ్గర. ఎంపీత్రీ శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్ల ముక్కలుగా తీసుకుని పని చేస్తుంది. ముక్క చివర్లో ఒక దెబ్బ ఉంటే, కుదింపు వల్ల పుట్టిన రొద ముక్క మొత్తానికీ పరుచుకుంటుంది. అంటే దెబ్బ పడకముందే దాని తాలూకు బుస వినబడుతుంది. దీన్ని ప్రీ ఎకో అంటారు. దీన్ని పట్టుకోవడానికి ఎన్‌కోడర్లు తయారుచేసేవాళ్ళు ఏళ్ళ తరబడి వాడిన శబ్దం ఏమిటో తెలుసా? స్పెయిన్‌లో నాట్యానికి వాడే కాస్టనెట్స్. చేతిలో పట్టుకుని టకటకలాడించే చెక్క చిప్పలు. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 1988లో తెచ్చిన పరీక్ష డిస్కులోనూ అవి ఉన్నాయి.

చేతిలో పట్టుకుని టకటకలాడించే చెక్కలు. మనకి చిడతలున్నాయి కదా! కాస్టనెట్స్‌లో ఉన్న ఆ టక్కు ఇక్కడా ఉంది, దాని మీద సన్నని ఇత్తడి బిళ్ళల గలగల అదనం. హరికథకుడి కాళ్ళకి గజ్జెలు మళ్ళీ వేరు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో సంగీత కళాశాల మొదలైన ఊరు మన విజయనగరం. ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్పిన ఊరు, ఘంటసాల, సుశీల చదువుకున్న ఊరు. ఈ ఊళ్ళో పెరిగిన కళ శబ్దమూ, తక్కువ బిట్‌రేట్ ఎంపీత్రీకి బాగా కష్టమైన శబ్దమూ ఒకటే అయ్యాయి. శ్రీకాకుళం వైపు తప్పెటగుళ్ళు తీసుకోండి. గుండెల మీద తప్పెట, కాళ్ళకి బరువైన గజ్జెలు, పదిమందీ ఒక్కసారి ఎగిరి దిగితే వచ్చే ఆ శబ్దంలో ఒక్క మిల్లీసెకను ఖాళీగా ఉండదు. 64 కిలోబిట్లలో అది నీళ్ళల్లో మునిగి వినిపిస్తుంది. సినిమా పాటకి సరిపోయే ఫార్మాట్ దీనికి సరిపోదు.

నా బాధ ఇక్కడ మొదలవుతుంది.

బొబ్బిలి వైపు ఒక కుటుంబం ఉంది. వాళ్ళ తాతగారు హరికథలు చెప్పేవారు. పెద్ద పేరున్నవారు కాదు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు శ్రీరామనవమికీ, గౌరమ్మ పండగకీ పిలిచేవారు. ఇంట్లోవాళ్ళు ఆయన కథలు టేప్ రికార్డరులో పట్టి ఉంచారు. ఒక పెట్టెడు క్యాసెట్లు. ఆయన పోయిన కొన్నేళ్ళకి మనవడు వాటిని ఒక షాపులో ఇచ్చాడు. షాపువాళ్ళు అన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో, 128 కన్నా తక్కువ ఎంపీత్రీలో పట్టేలా ఎక్కించి, "చప్పుడు" తీసేసి, శుభ్రంగా ఇచ్చారు. క్యాసెట్లు బూజు పట్టాయి, దేనికీ పనికిరావు, పారేయమన్నారు. అతను పారేశాడు. ఆ తర్వాత ఆ పెన్‌డ్రైవ్ నా దగ్గరికి తెచ్చి, "మాస్టారూ, తాత గొంతు తాత గొంతులా లేదు, కొంచెం బాగుచేయండి" అన్నాడు.

విన్నాను. డెక్కులో టేపుని చదివే హెడ్డు వంకరగా ఉండగానే ఎక్కించినట్టున్నారు, పై స్వరాలన్నీ మూసుకుపోయాయి. హిస్ (టేపు చేసే బుస) తీసేసే ఫిల్టరు గట్టిగా పెట్టడంతో ఆయన ఊపిరి తీసుకునే చోట్లన్నీ కోసేసినట్టు ఉన్నాయి, ఒక పద్యం చివర ఆయన గొంతు సన్నగా దిగి ఆగేచోట మాట మధ్యలోనే నిశ్శబ్దం వచ్చేసింది. చిడతలు చిడతల్లా లేవు, చిత్తడిలో నడుస్తున్న చప్పుడైంది. వయొలిన్ ఉందని తెలుస్తోంది అంతే. నేను చేయగలిగింది ఏమీ లేదు. పిప్పిని మళ్ళీ చెరకుగడ చేయడం ఎవరివల్లా కాదు. ఆ కుర్రాడికి ఆ మాట ఎలా చెప్పానో నాకే తెలుసు.

మిత్రులారా, ఫార్మాట్ గురించి కోపం తెచ్చుకోవాలంటే ఇదిగో, ఇక్కడ తెచ్చుకోండి. స్టూడియోలో చేసిన సినిమా పాట మనం ఏ ఫార్మాట్లో విన్నా దాని అసలు టేపు ఎక్కడో ఉండొచ్చు, రేపు ఇంకా మంచి ప్రతి రావచ్చు. యాపిల్ వాళ్ళు 2021 నుంచి అదనపు డబ్బు లేకుండానే లాస్‌లెస్ ఇస్తున్నారు. ఆ యుద్ధం దాదాపు అయిపోయింది. పైగా మీరు బ్లూటూత్‌లో వింటే ఆ లాస్‌లెస్ మళ్ళీ దారిలోనే కుదించబడుతుంది. కానీ మన ఊళ్ళ ఇళ్ళల్లో, బీరువాల మీద, మంచాల కింద ఉన్న క్యాసెట్లకి రెండో ప్రతి లేదు. హరికథలు, నాదస్వర కచేరీలు, జముకుల కథలు, పెళ్ళిళ్ళలో ముత్తైదువుల మంగళహారతులు, సంగీత కళాశాల పాత విద్యార్థులు గురువుల దగ్గర పాఠం నేర్చుకుంటూ పట్టుకున్న టేపులు. వాటిని ఒక్కసారే ఎక్కిస్తాం. ఆ ఒక్కసారీ ఎలా ఎక్కించామో అదే చివరిదాకా మిగిలేది.

ప్రపంచంలో పెద్ద పెద్ద భాండాగారాలవాళ్ళే దీనికి భయపడుతున్నారు. యునెస్కో, ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ కలిసి 2019లో ఒక హెచ్చరిక ఇచ్చాయి: టేపు పాడవడం ఒక ఎత్తు, దాన్ని ఆడించే యంత్రాలూ విడిభాగాలూ బాగుచేసే చేతులూ కరువవడం ఇంకో ఎత్తు, 2025 తర్వాత టేపులు ఎక్కించడం చాలాచోట్ల సాధ్యపడకపోవచ్చని. ఆ సంవత్సరం వచ్చి వెళ్ళింది. మన దగ్గర సముద్రపు గాలి తేమ అదనం. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లగా పొడి కనబడుతుంది, అదే బూజు. అది పట్టినంత మాత్రాన పారేయక్కర్లేదు, ఓపికగా తుడిచి ఎండబెడితే చాలాభాగం ఆడతాయి. కానీ శుభ్రం చేయకుండా డెక్కులో పెడితే, ఆ డెక్కులో తర్వాత పెట్టే క్యాసెట్‌కి కూడా అంటిస్తాం.

హై రెస్ వర్గం మిత్రులు ఇక్కడ సంతోషించే మాట ఒకటి చెబుతాను. వినడానికి 16 బిట్లు చాలు అన్నాను. ఎక్కించడానికి చాలవు. ఐఏఎస్ఏ మార్గదర్శకాలు కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ అంటాయి, భాండాగారాల్లో 96 కిలోహెర్ట్జ్ వాడకం ఎక్కువ. క్యాసెట్‌లోనే అరవై డెసిబెల్స్ లేకపోతే 24 బిట్లు ఎందుకు అని అడగొచ్చు. ఎక్కించేటప్పుడు స్థాయి బాగా తగ్గించి పెట్టుకోవచ్చు, ఎక్కడో కథకుడు ఒక్కసారి గొంతెత్తితే తల తెగదు. తర్వాత వేగం సరిచేయాలన్నా, రొద తగ్గించాలన్నా లెక్కల్లో జాగా మిగులుతుంది. గ్రామఫోన్ రికార్డు గీతల చప్పుడు పట్టుకుని తీసేసే ప్రోగ్రాములు శాంప్లింగ్ (సెకనుకి తీసుకునే కొలతలు) ఎక్కువ ఉన్నప్పుడు ఆ గీతని ఇంకా స్పష్టంగా గుర్తుపడతాయి. కాబట్టి శబ్దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడానికి మీరు కొన్న 96, 192 ఇంటర్‌ఫేసులు వృథా కాలేదు. వాటి అసలు పని ఇది.

గంట క్యాసెట్ 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియోలో రెండు జీబీలు. ఒక టెరాబైట్ డిస్కులో 480 గంటలు పడతాయి, ఫ్లాక్ చేస్తే ఇంకా ఎక్కువ. ఫ్లాక్‌లో ఒక్క బిట్టు పోదు, విప్పితే మొదట ఉన్నదే వస్తుంది, 2001 నుంచి ఉచితంగా ఉంది, ఎవరి సొత్తూ కాదు. ఇంత చవగ్గా దొరుకుతుంటే ఎంపీత్రీలో ఎక్కించి మూలం పారేయడానికి ఎవరికీ సాకు లేదు. ఇక ఎంపీత్రీని ఫ్లాక్‌గా మార్చి "లాస్‌లెస్" అని పేరు పెట్టి పంచే అలవాటు మనలో కొందరికి ఉంది. దయచేసి మానండి. పైన పటారం, లోన లొటారం. స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మలో) 16,000 హెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు గీత కనబడితే అది 128 నుంచి వచ్చిందనే అనుమానించాలి. పాత టేపులోనే పై స్వరాలు లేకపోతే మాత్రం గీత కాదు, మెల్లగా పలచబడటం కనిపిస్తుంది. రెండూ ఒకటి కాదు.

యంత్రం దగ్గర చేసే పని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది మీ చెవులతోనే చేయాలి. క్యాసెట్ టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. హెడ్డు సన్నటి చీలిక టేపుకి సరిగ్గా నిటారుగా ఉండాలి. రికార్డు చేసిన యంత్రంలో హెడ్డు రవ్వంత వంగి ఉంటే, మన డెక్కు హెడ్డునీ అంతే వంచాలి. లేకపోతే పై స్వరాలు పోతాయి, ఇక ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. రెండు చానళ్ళూ కలిపి మోనోలో పెట్టుకుని, హెడ్‌ఫోన్లో వింటూ ఆ స్క్రూని వెంట్రుకవాసి తిప్పాలి. ఒకవైపు తిప్పితే గొంతు దుప్పటి కప్పుకుంటుంది. ఇంకోవైపు తిప్పుతుంటే ఒక చోట చిడతలు, "స", "శ" అక్షరాలు ఒక్కసారి విచ్చుకుంటాయి. అక్కడ ఆపాలి. ఇంకొంచెం తిప్పితే మళ్ళీ మూసుకుంటుంది. ప్రతి క్యాసెట్‌కీ, కొన్నిసార్లు రెండో వైపుకి కూడా, ఇది మళ్ళీ చేయాలి. మన మిత్రుల్లో ఎవరికైతే 192కీ 96కీ తేడా వినబడుతుందో, వాళ్ళ చెవులు ఈ స్క్రూ దగ్గర కూర్చోవాలని నా కోరిక.

టేపు మోనో అయినా రెండు చానళ్ళలోనే ఎక్కించండి. ఒకటి పాడై ఉంటే రెండోది పనికొస్తుంది. డెక్కులో బుస తగ్గించే డాల్బీ మీట ఆపి ఉంచండి. ఇంటి రికార్డింగుల్లో చాలావాటికి అది లేదు. లోపలి ఫెల్ట్ ముక్క జిగురు ఎండి ఊడిపోతే, పనికిరాని క్యాసెట్ డొక్కు నుంచి ఇంకోటి తీసి పెట్టండి.

గ్రామఫోన్ రికార్డులున్నవాళ్ళకి: నిమిషానికి 78 చుట్లు తిరిగే 78 రికార్డు గాడి ఎల్పీ గాడి కన్నా చాలా వెడల్పు. ఎల్పీ సూది పెడితే గాడి అడుక్కి జారి, దుమ్ము మీద దొర్లుతుంది. మూడు మిల్స్ (అంగుళంలో వెయ్యింట మూడు వంతుల) సూది కావాలి. దొరుకుతుంది, మీ కేబుళ్ళలో ఒకదాని ఖరీదు కూడా ఉండదు. 78 అని పేరే గానీ అన్నీ సరిగ్గా 78లో చేసినవి కావు. వేగం మారితే శ్రుతి మారుతుంది, పాడినవారి గొంతు వయసు మారుతుంది. ద్వారంవారి వయొలిన్‌ని మూడు నిమిషాల రికార్డులో విన్నవాళ్ళకి తెలుసు, ఆ బరబరలాడే పాత రొద కింద కమాను తీగ మీద తిరిగే చప్పుడు ఉంటుంది. రొద తీసేసే పేరుతో దాన్నీ తీసేస్తే వయొలిన్ బదులు ఈల మిగులుతుంది. అందుకే ఏ శుభ్రతా చేయని మొదటి ప్రతిని ఎప్పటికీ విడిగా ఉంచాలి. శుభ్రం చేసింది ఇంకో ప్రతి. వాట్సాప్‌లో పంపుకునే ఎంపీత్రీ మూడోది. ఆ మూడోదానితో నాకు ఏ తగువూ లేదు, ఊళ్ళో అమ్మమ్మ ఫోన్లో వినడానికి అదే కావాలి. పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపితే వాట్సాప్ దాన్ని మళ్ళీ నలపదు.

కొత్తగా పట్టేవాటి గురించీ ఆలోచించాలి. జాతరల్లో తప్పెటగుళ్ళని అందరూ ఫోన్లో పడుతున్నారు. ఫోను తనంతట తానే చప్పుడు పెరిగితే తగ్గిస్తుంది, తగ్గితే పెంచుతుంది, రొద అనుకుని గజ్జెల్నే అణిచేస్తుంది. ఆ వీడియోలు చూసి పెరిగే పిల్లలు తప్పెటగుళ్ళంటే ఆ శబ్దమే అనుకుంటారు. మీలో చాలామందికి మంచి మైకులున్నాయి. చిన్న రికార్డరు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, పెద్ద దెబ్బ పడినా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకుని, పాడేవాళ్ళ అనుమతితో, జనానికి కొంచెం ఎడంగా నిలబడండి. చాలు.

పేర్లు రాయడం మరువకండి. ఎవరు, ఏ కథ, పక్క వాయిద్యం ఎవరు, ఏ ఊళ్ళో, సుమారుగా ఏ ఏడు. క్యాసెట్ మీద పెన్సిలుతో రాసింది చెరిగిపోతుంది, దాని ఫోటో తీసి ఫైలుతోపాటే పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే ఒకసారి వినిపించి అడగండి. మృదంగం ఎవరిదో గుర్తుపట్టగల మనిషి ఈ ఏడు ఉంటారు, వచ్చే ఏడు ఉంటారో లేదో చెప్పలేం. 24 బిట్లలో దాచినా, పేరు లేని గొంతు ఆ ఇంటివాళ్ళకి కూడా పరాయిదైపోతుంది. అలాగే కుటుంబం ఒప్పుకోకుండా ఏదీ ఎక్కడా పెట్టొద్దు. అది వాళ్ళ ఇంటి గొంతు.

ఇక నేను అడిగేది. వానలు తగ్గగానే, సిరిమానోత్సవం హడావిడి మొదలవకముందు, ఒక ఆదివారం కూడుకుందాం. విజయనగరంలో చోటు నేను చూస్తాను. శ్రీకాకుళం మిత్రులు ప్రతిసారీ ఇంతదూరం రానక్కర్లేదు, మీవైపు ఒక డెక్కు, ఒక ఇంటర్‌ఫేసు, ఒక ఓపికగల మనిషి ఉంటే అక్కడే చేయొచ్చు, స్క్రూ తిప్పడం నేనొచ్చి చూపిస్తాను. ఎంపీత్రీ వర్గం, హై రెస్ వర్గం, రికార్డు వర్గం ముగ్గురూ రండి. రికార్డువాళ్ళకి సూదులు, గాడులు తెలుసు. హై రెస్ వాళ్ళ దగ్గర మంచి యంత్రాలున్నాయి. ఎంపీత్రీ వర్గంవాళ్ళు ఏది అవసరమో ఏది కాదో లెక్కగట్టగలరు. ఒకరు ఎక్కించింది ఇంకొకరు పేరు చూడకుండా విని తప్పులు పట్టాలి. మన గొడవల్లో మనకి బాగా అలవాటైన విద్యే కదా అది. మూలం క్యాసెట్ ఎవరిదైతే వాళ్ళకి తిరిగి ఇచ్చేయాలి, పారేయమని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. ప్రతి ఫైలూ మూడుచోట్ల ఉండాలి, అందులో ఒకటి వేరే ఊళ్ళో.

రావడానికి ముందు ఎవరి దగ్గర ఏముందో ఒకరికొకరం చెప్పుకుందాం: మూడు హెడ్ల డెక్కు, 78 సూది, రీల్ టేప్ యంత్రం ఎవరి దగ్గరున్నా సరే, ఆడకపోయినా సరే, విడిభాగాలకి పనికొస్తుంది. సాలూరు నుంచి ఒక ట్రంకుపెట్టె రావడానికి సిద్ధంగా ఉంది. అందులో సగం క్యాసెట్లకి బూజు మొదలైందని చెప్పారు. ముందు వాటితో మొదలుపెడదాం.

ఇట్లు,
టేపులు ఎక్కించే మీ మిత్రుడు,
విజయనగరం